ఒక పుచ్చు పన్ను పెంపకం

అక్టోబరు 6

మా భోజనాల బల్ల అంచుకు నా మనవరాలు పిచ్చుక ఇవాళ ఒక బొమ్మ తలకాయను మరలతో బిగించింది. రబ్బరు బుగ్గలు, ప్లాస్టిక్ పళ్ళు, కళ్ళు లేవు. ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటాడు కానీ ఎదురు మాట్లాడడు. మన బల్ల దగ్గరే ఉంటాడు, కదలమన్నా కదలడు. ఇల్లరికపుటల్లుడు అని పేరు పెట్టాను. పిచ్చుక నవ్వలేదు. ఈ మధ్య నవ్వాలంటే కూడా దానికి టైము దొరకడం లేదు.

వేరే దేశంలో చదివొచ్చిన పళ్ళ డాక్టర్లకు ఇక్కడ మూడుసార్లే పరీక్ష రాయనిస్తారట. రాయడమంటే రాయడం కాదు, పన్ను మీద పని చేసి చూపించడం. మొదటిసారి దాని చెయ్యి వణికింది. రెండోసారి చెయ్యి వణకలేదు, పేషెంటు రాలేదు. ఇది మూడోది. జూన్‌లో. ఇదీ పోతే మళ్ళీ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లల పక్కన కూర్చోవాలి, లేదా ఇప్పుడు చేస్తున్న పనే బతికినంతకాలం చెయ్యాలి. ఇప్పుడు చేస్తున్న పని ఏమిటంటే, తనకంటే చిన్నవాడైన డాక్టరు పక్కన నిలబడి పేషెంటు నోట్లో సక్షన్ పైపు పట్టుకోవడం. అక్కడ ఆరేళ్ళు ప్రాక్టీసు చేసిన మనిషి ఇక్కడ ఉమ్ము పీలుస్తోంది.

అక్టోబరు 9

పేషెంటును కూడా మనమే వెతికి తీసుకెళ్ళాలట. పరీక్ష పెట్టేది వాళ్ళు, పుచ్చు పన్ను తెచ్చుకోవాల్సింది మనం. ఆ పుచ్చు కూడా ఎలా పడితే అలా ఉంటే కుదరదు. పైపొర దాటి లోపలి పొరను తాకాలి, తాకి అక్కడే ఆగాలి, నరం దాకా పోకూడదు. దాని తల్లికి సంబంధాలు చూసినప్పుడు కూడా నేను ఇన్ని షరతులు పెట్టలేదు.

పిచ్చుక బస్సుల్లో మనుషులను మొహాన కాకుండా నోట్లో చూస్తోంది. ఎవరైనా ఆవులిస్తే చాలు, మెడ సాగుతుంది.

అక్టోబరు 19

ఇవాళ క్లినిక్కు సెలవు. యజమాని డాక్టరును బతిమాలి తాళం తీసుకొని నాకు ఎక్స్‌రే తీసింది. అన్ని పళ్ళూ నావే అని నేను గర్వంగా కూర్చున్నాను. టీలో చక్కెర వేసుకోని మనిషిని.

"ఉంది అమ్మమ్మా. కింద ఎడమవైపు, వెనకాల. రెండు పళ్ళ సందులో." దాని మొహం ఒక్కసారి వెలిగింది. మళ్ళీ ఫిల్ము దగ్గరగా పట్టుకొని చూసింది. "చిన్నది. పైపొరలోనే ఆగిపోయింది."

"ఆగితే మంచిదేగా."

"నీకు మంచిది. వాళ్ళు ఒప్పుకోరు. ఇంకొంచెం ఉంటే సరిపోయేది."

"పెరగదా?"

"పెరగొచ్చు. నీ బీపీ మాత్రలకు నోరు ఎండిపోతుంది కదా, కొందరికి త్వరగానే పెరుగుతుంది. కానీ దాన్ని నమ్ముకొని కూర్చోలేం. వేరేవాళ్ళను వెతకాలి."

నా పళ్ళు బాగున్నందుకు ఒక మనిషి బాధపడడం చూశాను. ఏ వయసులో ఏం చూడాల్సి వస్తుందో చెప్పలేం.

అక్టోబరు 20

పిప్పరమెంటు బిళ్ళల డబ్బా కొన్నాను. దగ్గుకు.

అక్టోబరు 21

దగ్గు లేదు.

నవంబరు 3

పడుకోబోయే ముందు ఒక బిళ్ళ ఎడమ బుగ్గన పెట్టుకుంటున్నాను. పొద్దున్నకు అది కరిగిపోయి ఉంటుంది, నోరంతా పాకంలా ఉంటుంది. బ్రష్షు ఆ పక్కకు పోనివ్వడం లేదు. కుండీలో మొక్కకు నీళ్ళు పోసినట్టే. ఇందులో తప్పేముంది? పన్ను నాది, బిళ్ళ నాది.

నవంబరు 22

పిచ్చుక ఇల్లరికపుటల్లుడి నోట్లో డ్రిల్లు పెట్టి గంటలకొద్దీ గీస్తోంది. నన్ను ఎగ్జామినర్‌గా నిలబడమంది. చేతులు వెనక్కి కట్టుకొని దాని వెనక అటూ ఇటూ తిరిగాను. లెక్కల టీచరుగా జీతం తీసుకున్నన్నాళ్ళూ పరీక్ష హాల్లో చేసింది అదేగా.

"కాపీ కొట్టేవాళ్ళను ఎలా పట్టుకునేదానివి అమ్మమ్మా?" అంది తల ఎత్తకుండానే.

"జవాబే లేని లెక్క ఒకటి పేపర్లో ఇరికించేదాన్ని. బుర్ర ఉన్న పిల్ల లేచి, ఇది తప్పు లెక్క టీచర్ అనేది. మిగతావాళ్ళు పక్కవాడిది చూసి ఏదో ఒక అంకె వేసేవాళ్ళు. అంకె వేసిన ప్రతివాడూ దొంగే."

"పాపం కదా."

"పాపమేముంది? రానిది రాదని చెప్పడానికి నోరుండాలి."

పిచ్చుక డ్రిల్లు ఆపి ఒక్క క్షణం నవ్వింది. చాన్నాళ్ళయింది దాని పళ్ళు చూసి.

డిసెంబరు 14

కింది వాటాలో దర్జీ దొరికాడు. దారాన్ని కత్తెరతో కాక పళ్ళతోనే కొరికి తెంపుతాడు, అందుకని పై ముందు పన్నుకు చిన్న నొక్కు ఉంది. పిచ్చుక ఆ నొక్కును చూడడానికి వెళ్ళి దాని పక్కన పుచ్చును చూసి వచ్చింది. కొలతకు సరిగ్గా ఉందట. కానీ మనిషి మీద దానికి నమ్మకం లేదు. పండక్కిస్తానన్న జాకెట్టు పండగ దాటాక ఇచ్చే రకం.

"వస్తావా నాయనా పరీక్షకి?" అని నేనే అడిగాను.

"టీచరమ్మగారు అడిగితే రాకుండా ఉంటానా? కానీ అంతసేపు నోరు తెరిచి కూర్చుంటే మా ఆవిడ నమ్మదండీ. ఇంట్లో నాకు ఆ అవకాశం ఇవ్వదు కదా."

స్టాండ్‌బైగా రాసుకున్నాం.

డిసెంబరు 15

దర్జీని నమ్ముకొని కూర్చోలేం. బిళ్ళలు కొత్త డబ్బా.

జనవరి 11

అమ్మాయి ఫోన్ చేసింది. పిచ్చుక తల్లి. దూరపు ఊళ్ళో షిఫ్టు డ్యూటీలు, మాటలు కూడా షిఫ్టుల్లోనే.

"ఎలా ఉంది అది?"

"బాగానే ఉంది."

"నువ్వెలా ఉన్నావు?"

"నాకేం. నేను పెరుగుతున్నాను."

"ఏం పెరుగుతున్నావమ్మా?"

"పెద్దవుతున్నాను అంటున్నా."

ఫిబ్రవరి 22

రెండో ఎక్స్‌రే. పిచ్చుక ఫిల్మును వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీలో ఉన్న నన్ను కుర్చీతో సహా కావిలించుకుంది.

"సరిగ్గా సరిపోయింది అమ్మమ్మా. లోపలి పొరను తాకి ఆగింది. ఎవరో కొలిచి చేసినట్టుంది."

"దేవుడు."

చల్లటి స్ప్రే కొట్టిన పత్తి ఆ పన్ను మీద పెట్టింది. ఎగిరిపడ్డాను. "మంచిది, నరం బాగుంది" అంది. "ఇక పెరగకూడదు. ఆ పక్క బాగా బ్రష్ చెయ్యి. పరీక్షకు ఇదే ఎక్స్‌రే చూపిస్తాం."

ఇంటికొచ్చి బిళ్ళల డబ్బా దిండు కిందకు తోసేశాను. పెంచడం తెలిసినదానికి ఆపడమెంత.

మార్చి 16

వేడి టీ ఆ పక్కకు పోతే కాస్త తెలుస్తోంది. తెలియడం మంచిదే. నరం బాగుందన్నమాట.

మార్చి 29

తెలుస్తోంది.

ఏప్రిల్ 7

లవంగం రుచి నాకు మొదటినుంచీ ఇష్టం. బుగ్గన ఒకటి పెట్టుకుంటే నోటికి బాగుంటుంది. పిచ్చుక క్లినిక్కు వెళ్ళాక పెట్టుకొని, అది వచ్చేలోపల ఉమ్మేసి, నోరు పుక్కిలించి, పుదీనా ఆకు నములుతున్నాను. లవంగం వాసన దానికి క్లినిక్కులో తగిలే వాసనే కదా. ఇంటికొచ్చాక కూడా అదే వాసన ఎందుకని.

నొప్పి అంటూ ఏమీ లేదు.

ఏప్రిల్ 12

నొప్పి లేదు. నిద్ర పట్టడం లేదు, అది వేరే సంగతి. వయసు.

ఏప్రిల్ 20

మళ్ళీ ఒకసారి ఎక్స్‌రే తీసి చూసుకుందామా అంది పిచ్చుక. మోకాలు నొప్పి, బస్సు ఎక్కలేనన్నాను. మోకాళ్ళు నా పళ్ళలాగా కాదు, ఎప్పుడు ఏ సాకు కావాలన్నా ఇస్తాయి.

అది నమ్మింది. నమ్మేటప్పుడు దాని కళ్ళ కింద నలుపు చూశాను. రోజంతా పైపు పట్టుకొని వచ్చి, సాయంత్రం ఇల్లరికపుటల్లుడి పళ్ళు అరగదీస్తుంది. గీసిన పన్ను తీసి పారేసి కొత్త పన్ను పెట్టుకుంటుంది. వాడికి ఆ సౌకర్యం ఉంది.

మే 4

దర్జీ వచ్చాడు. దవడ చేత్తో పట్టుకొని, కళ్ళల్లో నీళ్ళు.

"టీచరమ్మగారూ, ఇది ఇక నావల్ల కాదండీ. పన్ను పోటు తల్లోకి పోతోంది. మీ మనవరాలు పరీక్ష దాకా ఆగమంది, మాటిచ్చాను కదా అని మూడు రోజులనించి తిండి లేదు."

ముందుగదిలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. మనిషి పన్ను పట్టుకొని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. చూడలేకపోయాను.

"వెళ్ళి చేయించుకో."

"మరి పరీక్ష?"

"పరీక్షకి నేనున్నానుగా. నొప్పి వస్తే దాచుకోకూడదు నాయనా, దాచుకుంటే ముదురుతుంది. ఎవరి కోసమూ దాచుకోకూడదు."

దణ్ణం పెట్టి వెళ్ళాడు. నేను లవంగం పెట్టుకున్నాను.

పిచ్చుకకు చెప్పాను. "సరేలే, మంచిపనే చేశావు" అంది. తర్వాత, "నువ్వు మాత్రం బాగున్నావు కదా?" అంది.

బాగున్నానన్నాను.

మే 13

ఏమీ రాయలేను.

మే 19

పొద్దున్న లేచేసరికి నొప్పి లేదు.

ఇన్నాళ్ళూ నొప్పి లేదని రాసినట్టు కాదు. నిజంగా లేదు. నాలుకతో తోశాను, గట్టిగా కొరికాను, మంచినీళ్ళు పోసుకున్నాను. ఏమీ లేదు. రాయిలాగా ఉంది. కిటికీ తీసి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఇంత తేలిగ్గా ఊపిరి పీల్చి ఎన్నాళ్ళయిందో. ఓర్చుకున్నవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఫలితం ఉంటుంది.

లవంగాలు వంటింటి డబ్బాలో పోసేశాను.

మే 30

హాయిగా ఉంది.

జూన్ 15

రేపు పరీక్ష. పిచ్చుక తెల్లకోటు ఇస్త్రీ చేశాను. ఎవరి మీదా పేర్లుండవట, నంబర్లే. కోటు జేబుకు నంబరు పిన్ను పెట్టాను.

జూన్ 16

పోయింది.

జూన్ 18

ఇవాళ రాస్తాను.

పెద్ద హాలు. వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీ పైన ఒక్కో దీపం. కోటు జేబుల మీద నంబర్లతో డాక్టర్లు, మెడ కింద కాగితపు గుడ్డతో పేషెంట్లు. చేతులు వెనక్కి కట్టుకొని నడిచే ఎగ్జామినర్లు. ఆ నడక చూడగానే నాకు స్కూలు గుర్తొచ్చింది. పొద్దున్న బొమ్మ తల మీద చెయ్యాల్సిన పని పిచ్చుక ఎంత బాగా చేసిందంటే, నడిచేవాళ్ళలో ఒకాయన ఆగి, రెండోసారి చూసి వెళ్ళాడు. దాని చెయ్యి వణకలేదు. నేను కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళకు నా మనవరాలు డాక్టరుగా పని చెయ్యడం చూశాను.

మధ్యాహ్నం నా వంతు. ముందు పన్ను బతికే ఉందో లేదో చూసి, ఎగ్జామినర్‌ను పిలవాలి, ఆయన చూసి సరేనంటే పని మొదలుపెట్టాలి.

"చల్లగా తగలగానే చెయ్యెత్తు అమ్మమ్మా. తగలకపోతే ఎత్తకు."

ముందు పక్క పన్ను మీద పెట్టింది. జివ్వుమంది, ఎత్తాను. తర్వాత మన పన్ను మీద పెట్టింది. ఎదురుచూశాను. ఏమీ రాలేదు. చల్లగానూ లేదు, వెచ్చగానూ లేదు. ఎవరి పన్నో అన్నట్టుంది. పక్క పన్నుకు ఎంతసేపట్లో తగిలిందో లెక్క వేసుకొని, అంతసేపు ఆగి, చెయ్యెత్తాను.

పిచ్చుక చెయ్యి అలాగే ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఇంకో పత్తి తీసుకుంది. మళ్ళీ ఆ పన్ను మీద పెట్టింది. నేను మళ్ళీ లెక్క వేసుకొని చెయ్యెత్తాను.

అది పత్తిని నా కళ్ళ ముందుకు తెచ్చి చూపించింది. పొడి పత్తి.

మాస్కు మీద దాని కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నొప్పి ఉందా అని అడగలేదు.

"నొప్పి ఎప్పుడు పోయింది?" అంది.

"మే నెలలో."

"పోయిందంటే తగ్గిందని కాదు అమ్మమ్మా. లోపల నరం చచ్చిపోయింది."

"చచ్చిపోతే పోయింది. నువ్వు పని కానివ్వు. ఆయనొచ్చి అడిగినా నేను చెయ్యెత్తుతాను."

"దీని మీద ఫిల్లింగ్ పెట్టి మూసేస్తే లోపల చీము పడుతుంది. దవడ వాస్తుంది."

"వాయనీ. పరీక్ష అయ్యాక కదా వాచేది."

"మెల్లగా మాట్లాడు."

"పిచ్చుకా, నా మాట విను. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు కదా."

నా మెడ కింద గుడ్డ సరిచేసింది. లేచి ఎగ్జామినర్ దగ్గరకు నడిచింది. ఆయన ముందు వంగి ఏదో చెప్పింది. ఆయన నా వైపు చూశాడు. "ఇంకో పేషెంటు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు, అది నాకు వినిపించింది. లేరని తల ఊపింది. బయట గదిలో దర్జీ కూర్చొని ఉండాల్సిన కుర్చీ ఉంది. ఆయన చెయ్యి చాచాడు. పిచ్చుక కోటుకున్న నంబరు తీసి ఆయన చేతిలో పెట్టింది. నేను పెట్టిన పిన్ను సరిగా రాక, కోటు జేబు కాస్త చిరిగింది.

మిగతా కుర్చీల దగ్గర డ్రిల్లులు మోగుతూనే ఉన్నాయి.

బస్సులో కిటికీ పక్క నన్ను కూర్చోబెట్టింది. చాలా స్టాపులు పోయాక అడిగాను.

"పొడి పత్తి పెట్టాలని ఎందుకనిపించింది?"

"మొదటిసారి నువ్వు ఎత్తిన చెయ్యి మరీ సరిగ్గా ఉంది. తగిలినవాళ్ళు అంత పద్ధతిగా ఎత్తరు."

"ఇది వాళ్ళు నేర్పారా?"

"లేదు. నీ దగ్గర నేర్చుకున్నదే. జవాబు లేని లెక్క."

నా ఒళ్ళో ఉన్న చేతులకేసి చూసుకున్నాను. అంకె వేసిన ప్రతివాడూ, అని గుర్తొచ్చింది. మిగతా ముక్క గుర్తు తెచ్చుకోలేదు.

జూన్ 24

పిచ్చుక రోజూలాగే క్లినిక్కు వెళ్ళింది. మూడు చాన్సులూ అయిపోయాయని ఉత్తరం వచ్చింది. మర్యాదగా రాశారు. తప్పు పట్టడానికి ఒక్క అక్షరం దొరకలేదు.

జూలై 2

దవడ వాచింది. అది చెప్పినట్టే.

జూలై 4

క్లినిక్కు తీసుకెళ్ళింది. యజమాని డాక్టరు చిన్నవాడు, మంచివాడే, చెయ్యి మాత్రం కాస్త మొరటు. నా మనవరాలు అయితే ఎలా పట్టుకునేదో పరీక్ష హాల్లో ఒక్క రోజైనా చూశాను కనుక నాకు తేడా తెలిసింది. ఈ గదిలో అది నా పన్ను ముట్టుకోకూడదు. నా ఎడమ పక్కన నిలబడి పైపు పట్టుకుంది.

నా నోరు తెరిచి ఉంది, చెంప లోపల పైపు, నాలుక మీద పత్తి. ఎదురు మాట్లాడే వీలు లేదు. ఇల్లరికపుటల్లుడి బతుకు ఏమిటో అప్పుడు తెలిసింది.

"బామ్మగారూ, మిగతా పళ్ళు చూద్దాం. చల్లగా తగిలితే చెయ్యెత్తండి" అన్నాడు.

తగిలేదాకా చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాను. తగిలాక కూడా ఒక క్షణం ఆగాను.

"మిగతావన్నీ దిట్టంగా ఉన్నాయి. వింతగా ఉందే. ఈ ఒక్క చోటే ఇంత పుచ్చడమేంటి?" అన్నాడు. "రాత్రిళ్ళు తీపి ఏదైనా బుగ్గన పెట్టుకొని పడుకునే అలవాటు ఉందా బామ్మగారికి?"

"మా అమ్మమ్మ టీలో కూడా చక్కెర వేసుకోదండీ" అంది పిచ్చుక. పైపు ఇంకాస్త దగ్గరగా జరిపింది.

పన్ను పీకేశాడు. ట్రేలో టక్కున పడింది. పిచ్చుక దాన్ని కడిగి, తిప్పి, ఆ రంధ్రం కేసి చూసింది. చూసి, పారేసే డబ్బాలో వేసింది.

జూలై 12

వచ్చే ఏడు పరీక్షకు చదువుతున్న అమ్మాయి ఒకతె, ఎక్కడో చదివి ఈ మధ్యే వచ్చినది, ఇల్లరికపుటల్లుడిని తీసుకుపోవడానికి వచ్చింది. పిచ్చుక మరలు విప్పింది. వాడికి పాత దుప్పటి చుట్టి ఇచ్చింది. బల్ల అంచున నాలుగు గుంటలు మిగిలాయి.

"పేషెంటును ఎలా వెతుక్కోవాలక్కా? మా ఇంట్లో మా అత్తగారున్నారు, వస్తానంటున్నారు" అంది ఆ అమ్మాయి.

"ఇంట్లోవాళ్ళను తీసుకెళ్ళకు" అంది పిచ్చుక.

"ఎందుకని?"

"నొప్పి వస్తే చెప్పరు."

నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. గట్టిగా సర్దుతున్నాను.

విప్పిన మరలన్నీ ఎక్కడా పడిపోకుండా ఒక డబ్బాలో వేసి, మూత నొక్కి, ఆ అమ్మాయి చేతికిచ్చింది. ఆ పిల్ల మెట్లు దిగుతుంటే లోపల మరలు గలగలమన్నాయి. పిప్పరమెంటు బిళ్ళల డబ్బా. నా దిండు కింద ఉండేది.